మీరడిగినది: పెద్ద కెమేరానా, చిన్న కెమేరానా?

కాకినాడ నుంచి ఒక సోదరి రాస్తున్నారు: "మా నాన్నగారు యీమధ్యనే రిటైరయ్యారు. ఫొటోలు తీయడమంటే ఆయనకు చిన్నప్పటినుంచీ సరదా. మా చదువులూ, పెళ్ళిళ్ళూ అయ్యేదాకా ఆ మాటే ఎత్తలేదు. ఇప్పుడు మేమంతా కలిసి ఆయనకొక డిజిటల్ కెమేరా కొనిపెట్టాలనుకున్నాం. ఫుల్ ఫ్రేమ్ బాడీయే కొనాలని తమ్ముడు, ఎ.పి.ఎస్.-సి. చాలునని నేను. నాన్నగారేమో 'నాకెందుకమ్మా యింత ఖర్చు' అంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, ముందుగా మీ తమ్ముడి మాటలో వున్న నిజం చెబుతాను. సెన్సరంటే వెలుగును పట్టే పలక. ఫుల్ ఫ్రేమ్‌లో అది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. 1925లో లైకా కెమేరా బజారుకు వచ్చిన తర్వాత వాడుకలో స్థిరపడిన ఫిల్ము బొమ్మ కొలతే యిది. ఎ.పి.ఎస్.-సి. పలక చాలా కెమేరాల్లో దాదాపు 23.5, 15.6. అంటే విస్తీర్ణంలో సగానికి తక్కువ. మసక వెలుతురులో పెద్ద పలకదే పైచేయి. లాభం రెండింతల పైచిలుకు.

అయితే ఆ వెలుగు లెన్సులోంచి రావాలి గదా! బాడీతో కలిపి అమ్మే మామూలు జూమ్ లెన్సు ఎంత తెరిచినా సాధారణంగా ఎఫ్ 3.5 దగ్గరే ఆగిపోతుంది. ఎఫ్ 1.8 లెన్సు వేరే కొంటే దానికి దాదాపు నాలుగింతల వెలుగు వస్తుంది. కాబట్టి చిన్న బాడీకి మంచి లెన్సు తోడైతే, అర్ధరాత్రి ముహూర్తానికైనా వెరవనక్కరలేదు.

ఇక బొమ్మ పరిమాణమంటారా? ఏ పలక అయినా 24 మెగాపిక్సెల్ బొమ్మను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే 20 అంగుళాల పొడవు, 13 వెడల్పు వస్తుంది. మన గోడలకు అంతకన్న పెద్దదెందుకు?

ఒక్కమాట మాత్రం మరవకండి. బాడీ కొనడమంటే ఆ కంపెనీతో వియ్యమందడమే. ఒకరి లెన్సు మరొకరి బాడీకి సాధారణంగా అమరదు. బాడీలు మారుతూంటాయి, లెన్సులు మిగులుతాయి. అంచేత లెన్సుల ధరలు కూడా విచారించి మరీ దుకాణానికి వెళ్ళండి. నాన్నగారిని వెంట తీసుకువెళ్ళి, రెండు బాడీలూ లెన్సుతో సహా ఆయన చేతికివ్వండి. గంటసేపు మెడలో వేసుకు తిరగవలసింది ఆయన.

మరో సంగతి. ఖరీదైన వస్తువని ఆయన దాన్ని బీరువాలో దాచారంటే, మీ సముద్రపు తేమకు లెన్సులో బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి వుంచండి. అంతకన్న మంచి మందు రోజూ వాడడం. వాడడానికి భయపడని కెమేరాయే ఆయనకు తగిన కెమేరా. నా తీర్పు మీ పక్షమే.

మిగిలిన సొమ్ముతో అమ్మానాన్నలిద్దరినీ కోరంగి మడ అడవులకు పంపండి. అక్కడి పక్షులకు 200 మి.మీ. లెన్సు చిన్న పలక మీద 300 లెన్సు చూపేటంత దగ్గరగా చూపుతుంది. మొదటి ఫొటో మాత్రం అమ్మగారిదే తీయమనండి.