బుట్ట దిగుతోంది, అమ్మ దిగట్లేదు

మా అమ్మ చెప్పులు ఎప్పుడూ మెట్ల కిందే ఉంటాయి. బయటికెళ్ళేటప్పుడు తొడుక్కుంటుంది, రాగానే అక్కడే విప్పేసి పైకెక్కుతుంది. మొన్న సంక్రాంతికి విజయవాడ వెళ్ళినప్పుడు వాటి పక్కన నా చెప్పులు విప్పబోతూ చూశాను. అమ్మ చెప్పుల్లో సాలీడు గూడు కట్టేసింది. సంసారం కూడా పెట్టేసినట్టుంది.

పైకెళ్ళి, "అమ్మా, కిందికి దిగి ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఎందుకు దిగట్లేదే? మొన్ననే దిగాగా."

ఆ మొన్న వినాయక చవితి అని కాసేపటికి తేలింది. అంటే నాలుగు నెలలు.

నేను రోజూ రాత్రి హైదరాబాద్ నుంచి వీడియో కాల్ చేస్తాను. అమ్మ ఫోన్‌ని కందిపప్పు డబ్బాకి ఆనించి, పని చేసుకుంటూనే నవ్వుతూ మాట్లాడుతుంది. నేనూ ఫోన్ పెట్టేసి, అమ్మ బాగుందనుకుని రీల్స్ చూసుకుంటాను. మోకాళ్ళు ఫ్రేమ్‌లోకి రావు కదా.

మరి సరుకులెలా? బాల్కనీ గ్రిల్‌కి నైలాన్ తాడు, తాడుకి ప్లాస్టిక్ బుట్ట. కూరగాయల బండి అతను, మందుల షాపు కుర్రాడు, పాలబ్బాయి అందరూ అందులోనే వేస్తారు. డబ్బులు కూడా అందులోనే దిగుతాయి. ఆ తాడు కొన్నది ఇందుకు కాదు. మా ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు కింద పోర్షన్‌లో కిటికీల పైదాకా నీళ్ళొచ్చాయి. అద్దెకున్నవాళ్ళు పిల్లలతో సహా మెట్లెక్కి మా వాటాలోకి వచ్చేశారు. పడవల్లో వచ్చినవాళ్ళు ఇచ్చిన పాల ప్యాకెట్లు, నీళ్ళ బాటిళ్ళు ఆ తాడుతోనే పైకి లాగారు. వరద తగ్గింది, తాడు మాత్రం ఉండిపోయింది.

అందుకే, "కింద పోర్షన్ ఖాళీ చేయించి అక్కడే ఉండొచ్చుగా" అని నేను అనగానే అమ్మ నన్నో చూపు చూసింది. "ఆ రోజు నేను కిందే ఉండుంటే?" అంది. నా దగ్గర సమాధానం లేదు. హైదరాబాద్ వచ్చేయమంటే, "మీ ఫ్లాట్‌లో లిఫ్ట్ ఉంది సరే, దిగి ఎవరింటికెళ్ళాలి?" అంది. దానికీ లేదు.

అప్పుడు వెతికితే దొరికింది స్టెయిర్‌లిఫ్ట్. పేరు లిఫ్టే గానీ గది ఉండదు, గొయ్యి తవ్వే పని లేదు. మెట్ల వెంబడి ఓ పట్టా, దాని మీద జారే కుర్చీ. అంతే. కుర్చీ చేతి దగ్గర బటన్ నొక్కిపట్టుకుంటే కదులుతుంది, వదిలేస్తే ఆగుతుంది.

ఓ కంపెనీకి ఫోన్ చేస్తే అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, మెట్లు మధ్యలో తిరుగుతాయా?" ఫొటో పంపాను. మెట్లు మూల తిరిగితే పట్టాని కొలత తీసుకుని ఆ ఇంటి కోసమే వంచి చేయాలట. తిన్నగా ఉంటే రెడీగా ఉన్నదాన్నే కోసి బిగిస్తారు. మాకు తిన్నటి మెట్లకి చెప్పిన రేటు రెండు లక్షల చిల్లర. అదే మలుపు ఉంటే ఆరు లక్షలు దాటేదన్నారు. మా నాన్న స్థలం కలిసొస్తుందని ప్రహరీ పక్కనే పదిహేడు మెట్లు ఒకే వరసలో కట్టించారు. "ఇదేం ఇల్లయ్యా, నిచ్చెన వేసినట్టుంది" అని చుట్టాలంతా నవ్వారట. ఆ పిసినారితనానికి ఇన్నేళ్ళ తర్వాత నాలుగు లక్షలు మిగిలాయి. ఆయనుంటే ఈ మాట ఊరంతా చెప్పుకునేవారు.

డబ్బు సంగతి తేలింది, అమ్మ సంగతే తేలలేదు. మా మెట్లు బయట వైపు. వీధిలో ఎవరు వెళ్ళినా కనిపిస్తాయి.

"నాలుగు మెట్లెక్కలేని ముసల్దాన్నయ్యానని వీధంతా టముకు వేయిస్తావా?"

నేను వాదించాను. అలిగాను. గూగుల్‌లో వీడియోలు చూపించాను. వాటిలో అందరూ తెల్లటి గోడల ఇళ్ళల్లో తెల్లటి జుట్టుతో కూర్చుని పైకి తేలిపోతున్నారు. అమ్మ ఒక్కటే అడిగింది: "వీళ్ళలో చీర కట్టుకున్నదెవరే?"

అది ఎంత పెద్ద ప్రశ్నో కొలతలకి ఇంజనీర్ కుర్రాడు వచ్చాక గానీ తెలియలేదు. పట్టా వెంబడి పళ్ళుంటాయి. వాటిని పట్టుకునే కుర్చీ పైకి పాకుతుంది. చెంగు వేలాడిందంటే అందులో చిక్కుకోవచ్చు. "కూర్చోగానే కొంగు ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు బెల్ట్ పెట్టుకోండమ్మా" అన్నాడతను. అమ్మకి మొదటిసారి ఆ అబ్బాయి మీద గురి కుదిరింది. మంచినీళ్ళిచ్చింది. కాఫీ కూడా ఇచ్చింది.

అతను చాలా చెప్పాడు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళున్నారు కాబట్టి నాకు గుర్తున్నంత రాస్తున్నా. బండి నడిచేది బ్యాటరీ మీద, కాబట్టి కరెంటు పోయినా మధ్యలో వేలాడాల్సిన పని లేదు. కానీ ఛార్జింగ్ చోట ఆపకుండా ఎక్కడో వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం పైమెట్టు దగ్గర దిగడం. అందుకని అక్కడ కుర్చీ బాల్కనీ వైపు తిరిగి లాక్ పడాలి, మెట్లకి ఎదురుగా లేవకూడదు. పాదాల పలకకి ఏదైనా అడ్డొస్తే దానంతటదే ఆగాలి. ఈ రెండూ కొనే ముందు కళ్ళతో చూడాలి. మెట్ల వెడల్పు సరిపోతే చాలదు, కూర్చున్న మనిషి మోకాళ్ళు అవతలి గోడకి తగలకూడదు. మా అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో అడ్డంగా కూర్చోబెట్టి మరీ కొలిచాడు. ఇంకొకటి, తనంతట తాను కూర్చుని లేవగలిగినవాళ్ళకే ఇది. ఒంటరిగా ఉండేవాళ్ళ విషయంలో దీన్ని మరీ గట్టిగా చూసుకోవాలి.

నేను అడిగినవి రెండు. వాన సంగతేంటి? బయట పెట్టే మోడల్ వేరే ఉందన్నాడు, దానికి కవరు ఉంటుంది, కొంచెం ఖరీదు ఎక్కువ. మళ్ళీ వరదొస్తే? మోటారు, బ్యాటరీ కుర్చీతోపాటే ఉంటాయి కాబట్టి కుర్చీని పైన ఆపుకోమన్నాడు. అందుకే ఛార్జింగ్ సాకెట్ పైన పెట్టించాం. ఆదివారం ఆగిపోతే ఎవరొస్తారు అని మాత్రం అడగలేదు. మీరు అడగండి.

ఇంత విన్నా అమ్మ ఊ అనలేదు. ఆ కుర్రాడు టేపు చుట్టుకుంటూ యథాలాపంగా అన్నాడు, "మీ ఇంటికొచ్చే పెద్దవాళ్ళు కూడా ఎక్కొచ్చమ్మా."

అమ్మ చెయ్యి కాఫీ గ్లాసు మీదే ఆగిపోయింది. ఎదురింటి పిన్నిగారికీ మోకాళ్ళ నొప్పులే. ముప్ఫై ఏళ్ళ స్నేహం, ఇప్పుడు ఈ బాల్కనీ నుంచి ఆ గేటుకి కేకలతో నడుస్తోంది. ఆటో వస్తే మాట ఆపాలి. కష్టసుఖాలు అరిచి చెప్పుకోలేరు కదా.

"ఆవిడ కాస్త బరువు బాబూ, ఆగుతుందా?" అంది అమ్మ.

పది రోజుల్లో బిగిస్తామన్నవాళ్ళు ఐదు వారాలు తీసుకున్నారు. రోజుకో కారణం. ఆ ఐదు వారాల్లో రోజూ ఫోన్ చేసి "ఏమైందే నీ కుర్చీ?" అని అడిగింది వద్దన్న అమ్మే. బిగించడానికి మాత్రం ఒక్క రోజే పట్టింది. పట్టాని గోడకి కాదు, మెట్లకే బోల్టులేసి నిలబెట్టారు.

మొదట అమ్మే ఎక్కుతుందని నేను ఫోన్ పట్టుకుని రెడీగా నిలబడ్డాను. ఆవిడ రిమోట్ నొక్కిపట్టుకుని ఖాళీ కుర్చీని కిందికి పంపింది. పిన్నిగారు కూర్చుని, కొంగు ఒళ్ళో పెట్టుకుని, బెల్ట్ బిగించుకుని, కళ్ళు మూసుకుని, "ఒసేయ్ నన్ను చంపుతావా" అంటూనే పైకి వచ్చారు. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. టముకు పడనే పడింది, అమ్మ పట్టించుకోలేదు. నన్ను కాఫీ పెట్టమని లోపలికి తరిమి, ఇద్దరూ తలుపు దగ్గరగా వేసుకున్నారు. రెండు గంటలు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున అమ్మ దిగింది. చెప్పులు దులిపి, తొడుక్కుని, ఎదురింటి దాకా నడిచింది. వెనక్కి వచ్చాక తాడు విప్పేయనా అని అడిగాను.

"ఉండనీ. ఆగస్టు వస్తోందిగా" అంది.