రెండు ఆదివారాలు ఇస్తే చాలదు

2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు వరల్డ్ కప్ గెలిచిన రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. 14 వికెట్లు తీసిన శ్రీచరణిది మన పక్క వీరపునాయునిపల్లె మండలంలోని యర్రమల్లె. వాళ్ల నాన్న పనిచేసేది మన ఆర్టీపీపీలోనే. తెల్లారి స్కూలుకు బయల్దేరుతూ ఆరో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది: "నాన్నా, నేనెక్కడ ఆడాలి?"

మా వీధి చివర పార్కు స్థలం ఉంది. లేఅవుట్ వేస్తే పది శాతం ఖాళీ జాగా వదలాలన్నది రూలు కాబట్టి వదిలారు. పేరుకు పార్కు, పెరిగింది సర్కారు కంప.

ఆ స్థలాన్ని మేం బాగుచేయలేదనుకోకండి. అంతకుముందు ఏడాది జూన్‌లో ఇరవై మందిమి కొడవళ్లు, గొడ్డళ్లు పట్టుకుని రెండు ఆదివారాలు కష్టపడ్డాం. ఇడ్లీలు తెప్పించుకున్నాం, వాట్సాప్‌లో ఫోటోలు పెట్టుకున్నాం. వానలు పడ్డాయి. దసరాకల్లా కంప మళ్లీ నడుమెత్తు లేచింది. సర్కారు కంపను పైన నరికితే ఇంకా గుబురుగా చిగురేస్తుంది. గడ్డపారతోనో జేసీబీతోనో వేరు మొదలు పెకలించాలి. అది తెలియక కాదు, తొందరగా అయిపోవాలని నరికాం. ఆ తర్వాత అటువైపు ఒక్కరం కూడా పోలేదు. నేనూ పోలేదు.

ఈసారి మళ్లీ చేద్దామంటున్నాను. అయితే పచ్చగడ్డి మైదానం అని ఆశపడొద్దు. మన ఊళ్లో ఎండాకాలం ఇంటికే నీళ్లు చాలవు, గడ్డికెక్కడ తెస్తాం? అక్కడున్నది నల్లరేగడి. ఎండకు పాదం దిగేంత నెర్రెలిస్తుంది, వానకు చెప్పులు పీకుతుంది. దానిమీద గరుసు తోలించి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పితే పిల్లలు పరిగెత్తగలిగే నేల వస్తుంది. పిచ్‌కు ఇరవై రెండు గజాలు గట్టిగా చదును చేసి మ్యాట్ పరిస్తే సరిపోతుంది. పల్లేరు కాయలు ఏరాలి. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతులకు గ్లవ్స్ వేసుకుని పీకాలి.

ఇవన్నీ ఎర్రగుంట్లలో దొరకని వస్తువులా? మన తల్లిదండ్రుల్లో సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లున్నారు, నాపరాయి గనుల వాళ్లున్నారు, టిప్పర్లున్న వాళ్లున్నారు. ఒకాయన ఒక ట్రిప్పు గరుసు తోలిస్తాడు, ఇంకొకాయన ఒక పూట రోలర్ పంపిస్తాడు. దొరకనిది మనిషి టైము. నెలకొక ఆదివారం పొద్దున రెండు గంటలు, వంతులవారీగా నాలుగు కుటుంబాలు, ఏడాది పొడవునా. నేనడిగేది అదే.

"ఇంత ఫీజు కడుతున్నాం, ఆటలు స్కూలే చూసుకోవాలి" అని నేనూ అన్నవాణ్ణే. స్కూలు చూసుకోవాల్సింది గేమ్స్ పీరియడ్. పరీక్షల ముందు ఆ పీరియడ్ ఏమవుతుందో మనకు తెలుసు, అడగని తప్పు మనదే. కానీ సాయంత్రాలు, ఆదివారాలు ఏ స్కూలూ ఇవ్వదు.

ఇంకో మాట కూడా వినబడింది. మనం ఖర్చుపెట్టి బాగుచేస్తే బయట పిల్లలొచ్చి ఆడతారు, గేటు పెట్టి తాళం వేద్దామని. దీనికి నేను ఒప్పుకోను. ఆ స్థలం మున్సిపాలిటీది, తాళం వేసే హక్కు మనకు లేదు. హక్కు సంగతి పక్కన పెట్టినా, ట్యూషన్లు పోను మా వీధిలో సాయంత్రం బ్యాటు పట్టుకొచ్చేది ఐదారుగురు. రెండు జట్లు ఎక్కణ్ణుంచి తెస్తాం? వెనక వీధి గవర్నమెంటు స్కూలు పిల్లలు కలిస్తేనే మ్యాచ్. పైగా రోజూ ఆడే పిల్లలున్న చోట కంప మొలవదు.

నాకున్న భయం వేరు. గ్రౌండ్ బాగుపడగానే పెద్ద మగపిల్లలు దిగుతారు, ఆడపిల్లలు గోడ పక్కకు జరుగుతారు. అందుకే సాయంత్రం ఐదు నుంచి ఆరు ఆడపిల్లలదే అని మొదటిరోజే బోర్డు పెట్టాలి. ఆ గంటసేపు ఎవరో ఒక అమ్మో నాన్నో అక్కడ కూర్చోవాలి. క్రికెట్టే ఆడాలని లేదు. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు చాలు, వాలీబాల్‌కు 18, 9.

ముందు కమిషనర్ గారి అనుమతి కావాలి. అర్జీ రాసి పెట్టాను. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు గేటు దగ్గర ఉంటాను. సంతకంతోపాటు మీకు ఏ నెల ఆదివారం వీలవుతుందో కూడా రాయండి. మే నెల గడి ఇంకా ఖాళీగానే ఉంది.