డప్పు మనది, మైకు ఎవలది?

సైన్సును ఊరూరికి తీస్కపోతమని జాతాలు వస్తున్నయి. మంచిదే, రావాలె. కానీ ఒక్క ముచ్చట అడుగుతున్నం. డప్పు కొట్టేది మనోళ్ళు. పాట ఎత్తుకునేది మనోళ్ళు. జనాన్ని పోగేసేది మన వాడ ఆడోళ్ళు. మరి మైకు ఎవల చేతిల ఉంటది? ఏ ఊరికి పోవాలె, ఏం చెప్పాలె, ఎవలను పిలవాలె అని నిర్ణయించే కమిటీల మనోళ్ళు ఎందరు? 1990లో భారత్ జ్ఞాన విజ్ఞాన జాతా దేశమంతా తిరిగింది. ఇన్నేండ్లయినా ఈ ప్రశ్న ప్రశ్నగనే ఉన్నది.

బాణామతి సంగతే తీసుకుందాం. సిద్దిపేట 2016 దాకా మెదక్ జిల్లాల ఉండె. ఈ పేరుతోటి నెత్తురు చూసిన జిల్లా అది. మంత్రం నాలుక మీద తిరగొద్దని పండ్లు ఊడగొట్టిన్రు. చెట్టుకు కట్టేసి కొట్టిన్రు. కాలబెట్టిన్రు. ఆ దెబ్బలు ఎవలకు పడ్డయి? గడీల దొరకు ఎన్నడన్న బాణామతి అంటగట్టిన్రా? ఒంటరి ఆడది, ముసలి కూలోడు, వాడల దిక్కులేని మనిషి, వీళ్ళకే ఆ పేరు!

స్టేజీ మీది పెద్దమనిషి ఏం చూపిస్తడు? పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పోస్తే మంట దానంతటదే లేస్తది. పసుపుల సున్నం కలిస్తే నెత్తురు రంగొస్తది. జనం చప్పట్లు కొడ్తరు, జాతా పోతది. మర్మం తెలిసింది గని నింద ఆడనే ఉన్నది. ఎందుకంటే నింద వెనుక అరెకరం భూమి ఉంటది, గెట్టు పంచాయితీ ఉంటది, ఎదురు తిరిగిన నోరు ఉంటది. అది వాడల బతికేటోళ్ళకే ఎరుక. అందుకే సారథ్యం మనది కావాలె.

"మీకేం సైన్సు తెలుసు" అంటరా? తోలును సున్నంల నానబెట్టి వెంట్రుకలు రాల్చి, తంగేడు చెక్కతోటి కుళ్ళకుండ చేసిన మాదిగది రసాయన శాస్త్రం కాదా? జహీరాబాద్ దిక్కు మాచనూరుల దళిత ఆడోళ్ళు 2008ల సంఘం రేడియో పెట్టిన్రు. కెమెరా పట్టి వరంగల్ పోయి, బీటీ పత్తి రైతుల గోసను ఒక్కనాడు కాదు, ఏండ్ల తరబడి చిత్రం తీసిన్రు. కంపెనీ మాటకు చేను సాక్ష్యం నిలబెట్టిన్రు. వ్యూహమంటే అది!

మరి మనం చేసేదేంది? ప్రతి వాడల ఇద్దరు ఆడోళ్ళు, ఇద్దరు పడుచు పిల్లగాళ్ళు కూసొని నేర్వాలె. రోగమొస్తే ముందు దవాఖాన. నింద పుడితే మొదటి ప్రశ్న "ఎవలకు లాభం?" ఆ రాత్రే నిందపడ్డ మనిషి ఇంటికాడ పదిమంది కూసోవాలె. తెల్లారి ఠాణాల దరఖాస్తు ఇయ్యాలె. మంత్రాలు చేస్తున్నరని దళితులను దళితేతరులు కొట్టినా, మానసికంగా హింసించినా నేరమేనని అట్రాసిటీ చట్టానికి 2015ల చేసిన సవరణ చెప్తున్నది. ఈ మాట ఎన్ని వాడలకు చేరింది? చేర్చే పని ఎవలిది?

జాతాలోళ్ళకు ఒకటే మాట. మా డప్పు కావాలంటే మా మాట గూడ కావాలె. కమిటీల మా కుర్చీ ముందుగాల పడాలె. లేకుంటె మా జాతా మేమే తీస్తం.

జై భీమ్!

— ఒక బడి పంతులు, సిద్దిపేట