ఖాళీ చేసింది మనమే

దూబగుంట పేరు దేశానికి ఎందుకు తెలిసిందో మన నెల్లూరు మెట్టలో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. కూలి పని ముగించుకుని, పెద్దలకి అక్షరాలు నేర్పే అక్షర దీపం రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు, సారాపై పోరాడిన సీతమ్మ కథ చదువుకుని, 1992లో సారా మీద తిరగబడ్డారు. వాళ్ళకి ముందు నడిచిన రోశమ్మ పేరు ఊరూరా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. పైసా ఫీజు లేని చదువు చేసిన పని అది. సభలు పెట్టి చెప్పుకున్నాం, దండలు వేయించుకున్నాం. ఆ ఆడవాళ్ళ మనవలు చదివే బడి వైపు మాత్రం తిరిగి చూడలేదు.

ఉచిత చదువు ఏమీ ఇవ్వలేదంటే కళ్ళు పోతాయి. వానల్లేని ఏడు పొయ్యి వెలగని ఇళ్ళ పిల్లలకి 2003 నుంచి బళ్ళో మధ్యాహ్నం అన్నం దొరికింది. ఆడపిల్ల పదో తరగతి దాకా వచ్చింది.

సర్కారు బడిని చెడగొట్టింది మనమే, నోరున్నవాళ్ళం. పొద్దున ఎనిమిదింటికి ఆత్మకూరు బస్టాండు దగ్గర నిలబడండి. టై కట్టిన పిల్లల్ని ప్రైవేటు బడి బస్సెక్కించేది ఎవరు? ఉద్యోగులం, వ్యాపారులం, సర్కారు బళ్ళో పాఠం చెప్పే మాస్టర్లం కూడా. మన పిల్లలు వెళ్ళిపోయాక బళ్ళో సంఖ్య తగ్గింది, సంఖ్య తగ్గాక మాస్టర్లు తగ్గారు. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్ళలో కలుపుతుంటే ప్రభుత్వాన్ని తిట్టాం. అప్పటికే సగం బెంచీలు ఖాళీ చేసిపెట్టింది ఎవరో మనల్ని మనం అడగలేదు.

పిల్లని బడికి పంపే తల్లికి ప్రభుత్వం ఇచ్చిన అమ్మఒడి 15,000 రూపాయలు ఖాతాలో పడ్డాయా అని బ్యాంకుల చుట్టూ తిరిగాం. తల్లిదండ్రుల కమిటీ ఎన్నికలో ఏ పార్టీ మనిషి గెలిచాడో లెక్కేసుకున్నాం. పిల్లకి చదవడం వచ్చిందా అని ఒక్కరమూ అడగలేదు. పల్లె పిల్లల చదువు కొలిచే అసర్ సర్వే అడిగింది: ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో నూటికి 22.6 మంది, 2022లో 10.3 మంది. కరోనా సెలవుల దెబ్బ అందులో ఉంది, నిజమే. అయితే మనం అప్పు చేసి ఫీజులు కట్టిన బడులూ ఆ లెక్కలోనే ఉన్నాయి.

సర్కారు జీతగాళ్ళ పిల్లలు సర్కారు బడిలోనే చదవాలని 2015లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్‌కి చెప్పింది. ఇక్కడా అలాగే పెట్టండని మనలో ఎవరమైనా అర్జీ పెట్టామా?

జూన్‌లో బళ్ళు తెరుస్తారు. పిల్లని సర్కారు బళ్ళో చేర్చే ధైర్యం లేకపోతే కమిటీ మీటింగుకైనా వెళ్దాం. మూడో తరగతి పిల్లనొకదాన్ని పిలిచి, ఒక పేజీ చదివించి విందాం.