తెరచాప, తెడ్డు... డీజిల్, బ్యాటరీ!

శ్రీముఖలింగం వెళ్లినవాళ్లు మధుకేశ్వరుడి దర్శనం అయ్యాక ఓసారి వంశధార ఒడ్డుకూ వెళ్తారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇక్కడే ఉండేదంటారు చరిత్రకారులు. ఈ నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఆ మొగలో తిరిగిన పడవలకు ఇంజన్లు లేవు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, గాలి పడిపోతే తెడ్డు పట్టేవారు. అంటే ఒకే పడవకు రెండు రకాల బలం. ఎప్పుడు ఏది లాభమైతే దాన్ని వాడుకునేవారు.

ఇప్పుడు ఓడల కంపెనీలు ‘హైబ్రిడ్’ అని గొప్పగా చెప్పుకుంటున్నదీ ఇదే! కాకపోతే తెరచాప, తెడ్డు పోయి డీజిల్ ఇంజన్, బ్యాటరీ వచ్చాయి.

అలాంటి ఓడను చూడ్డానికి విదేశాలకు వెళ్లక్కర్లేదు. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో టిక్కెట్టు కొంటే చాలు. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విధుల నుంచి తప్పుకుని, మర్నాటి ఏడాది మ్యూజియంగా మారిన ఐఎన్‌ఎస్‌ కురుసుర జలాంతర్గామి అక్కడుంది. ఉత్తరాంధ్ర పిల్లల్లో చాలామంది స్కూలు విహారయాత్రలో దాని లోపల నడిచినవాళ్లే. సిబ్బంది పడకలు, వంటగది, టార్పెడోలు గుర్తుంటాయి కానీ అసలు విశేషం వెనక భాగంలో ఉంది. మూడు డీజిల్ ఇంజన్లు, మూడు ప్రధాన మోటార్లు, మూడు ప్రొపెల్లర్లు. నీటిపైన ఉన్నప్పుడు ఇంజన్లు నడుస్తాయి, బ్యాటరీలు ఛార్జ్ అవుతాయి. నీళ్లలోకి దిగాక ఇంజన్లకు గాలి అందదు. అప్పుడు మోటార్లే దిక్కు. చప్పుడు ఉండదు, పొగా ఉండదు. బ్యాటరీ అయిపోవచ్చిందంటే మళ్లీ పైకి రావాల్సిందే.

జలాంతర్గామికి అది గత్యంతరం లేని పని. మామూలు ఓడకెందుకు ఈ తంటా? కారణం ప్రొపెల్లర్ లెక్కలో ఉంది. ఓడ వేగం సగానికి తగ్గిస్తే కావాల్సిన శక్తి సగం కాదు, సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పూర్తి వేగానికి సరిపడే పెద్ద ఇంజన్‌ను అంత తక్కువ పనికి వాడితే చేసే పనికి మించి డీజిల్ తాగుతుంది, మసి పడుతుంది. పది మందికి వండే గుండిగలో ఒక్కరికి టీ కాచినట్టన్నమాట! ఆ చిన్న పనిని బ్యాటరీకి అప్పజెప్పి, ఇంజన్‌ను దానికి నచ్చిన బరువు దగ్గరే నడిపించడమే హైబ్రిడ్ కిటుకు.

ఈ కిటుకు అందరికన్నా బాగా పనికొచ్చేది టగ్గులకు. రేవులో పెద్ద ఓడల్ని నెట్టుకుంటూ, లాక్కుంటూ ఒడ్డుకు చేర్చే ఈ చిన్న ఓడలు రోజులో ఎక్కువ సేపు ఎదురుచూపుల్లోనే గడుపుతాయి. పూర్తి బలం కావాల్సింది కొన్ని నిమిషాలే. అందుకే 2009లో అమెరికాలో ‘కేరొలిన్ డరొతీ’ అనే టగ్గును హైబ్రిడ్‌గా దించారు. 2015లో నార్వేలో ‘ఆంపియర్’ అనే ఫెర్రీ పూర్తిగా బ్యాటరీ మీదే కార్లను, మనుషుల్ని దాటించడం మొదలెట్టింది. మన దేశంలో 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో పడవలు బ్యాటరీతో నడుస్తాయి. అవసరానికి డీజిల్ జనరేటర్ తోడుంటుంది.

అయితే విశాఖ నుంచి సింగపూర్ వెళ్లే సరకు ఓడకు బ్యాటరీలు బిగిస్తామంటే మాత్రం నమ్మకండి. కిలో డీజిల్‌లో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. సగానికి పైగా వేడిగా పోయినా నాలుగైదు యూనిట్లు పనికొస్తాయి. కిలో లిథియం బ్యాటరీలో పట్టేది ఒక యూనిట్‌లో పదో వంతో, ఐదో వంతో. రోజుల తరబడి ఒకే వేగంతో పోయే ఓడకు అంత బరువు మోయడం దండగ. రాత్రంతా నడిసంద్రంలో ఉండే వేట పడవకైనా అదే లెక్క.

ప్రమాదమూ లేకపోలేదు. 2019 అక్టోబరులో నార్వేలో ఒక హైబ్రిడ్ ఫెర్రీ బ్యాటరీ గదిలో మంటలు లేచాయి. ఆరిపోయాయనుకున్న మర్నాడు అక్కడ చేరిన వాయువులు పేలాయి. కురుసుర కాలంనాటి సీసం బ్యాటరీలైనా ఛార్జ్ అవుతున్నంతసేపూ హైడ్రోజన్ వదిలేవే. అందుకే జలాంతర్గాముల్లో గాలి మార్పిడిని అంత జాగ్రత్తగా చూసుకుంటారు.

రేవు టగ్గుల్ని మార్చేందుకు కేంద్రం 2024లో ఒక పథకం ప్రకటించింది. తొలివిడతకు జవహర్‌లాల్ నెహ్రూ, దీన్‌దయాళ్, పారాదీప్, చిదంబరనార్ రేవుల్ని ఎంచుకుంది. ఆ నాలుగింటిలో విశాఖ లేదు. రేవును ఆనుకునే ఇళ్లున్న ఊరది. పొగ తగ్గితే ముందు సంతోషించేది ఆ ఇళ్లవాళ్లే.

శ్రీకాకుళం సంగతి వేరు. 2023 ఏప్రిల్‌లో మూలపేట దగ్గర కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. పాత రేవులో ధక్కాలు తవ్వి కొత్తగా కరెంటు తీగలు లాగడం ఖరీదైన పని. కొత్త రేవులో ఆ తీగలకు కాంక్రీటు పోసేటప్పుడే చోటు వదిలేయొచ్చు. టగ్గు ఒకసారి కొంటే పాతికేళ్లకు పైనే పనిచేస్తుంది. అక్కడికి వచ్చే మొదటి టగ్గు డీజిల్‌దా, హైబ్రిడ్‌దా అన్నది ధక్కా ప్లాను గీసే బల్లమీదే సగం తేలిపోతుంది.