రీట్‌లలో అద్దె ఎంత, ఎదుగుదల ఎంత?

తెలుగు మధ్యతరగతికి స్థిరాస్తి పెట్టుబడి అంటే రెండే: ఊరి శివారున ప్లాటు, అద్దెకివ్వడానికి రెండో ఫ్లాటు. ప్లాటు ధర పెరుగుతుందని కొంటారు, ఫ్లాటు నెలనెలా డబ్బులొస్తాయని కొంటారు. 2019 ఏప్రిల్‌లో ఎంబసీ ఆఫీస్ పార్క్స్ స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదవడంతో మన దేశంలో రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టులు, అంటే యూనిట్లు అమ్మి చాలామంది డబ్బుతో భవనాలు నడిపి అద్దె పంచే రీట్‌లు మొదలయ్యాయి. ఈ రెండు కోరికలనూ అవి ఒకేసారి తీరుస్తాయన్న ప్రచారం జోరుగా ఉంది. అందులో నిజం సగమే. రీట్ ఆ రెండో ఫ్లాటుకు బదులు కాగలదు గానీ ప్లాటుకు కాలేదు.

కారణం నిబంధనల్లోనే ఉంది. సెబీ 2014లో తెచ్చిన నియమాల ప్రకారం రీట్ ఆస్తుల విలువలో కనీసం 80 శాతం నిర్మాణం పూర్తయి ఆదాయం ఇస్తున్న భవనాల్లో ఉండాలి. పంచగలిగిన నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు ఇచ్చేయాలి. అప్పు ఆస్తుల విలువలో 49 శాతం మించకూడదు. మదుపరి ఆదాయానికి రక్షణనిచ్చే ఈ షరతులే ఎదుగుదలకు కళ్లెం వేస్తున్నాయి. చేతిలో మిగిలేది పదోవంతే గనక కొత్త భవనం కొనాలంటే అప్పు తేవాలి, లేదా కొత్త యూనిట్లు అమ్మాలి. అప్పు తెస్తే వడ్డీ భారం, యూనిట్లు అమ్మితే ఆదాయంలో వాటాదారులు పెరుగుతారు. ఇక దానంతటదే వచ్చే పెరుగుదల లీజుల్లో రాసుకున్న అద్దె పెంపే. అది మూడేళ్లకోసారి 15 శాతం అనుకున్నా ఏడాదికి ఐదు శాతంలోపే. యూనిట్ 300 రూపాయలకు జారీ అయిన ఎంబసీ ధర 2023లోనూ ఆ చుట్టుపక్కలే తిరిగింది. మధ్యలో కరోనా దెబ్బ, వడ్డీరేట్ల పెరుగుదల ఉన్నాయి నిజమే. కానీ ఆ నాలుగేళ్లలో మదుపరికి దక్కినది ప్రధానంగా పంపిణీలే.

అలాంటప్పుడు బ్యాంకు డిపాజిట్ చాలదా అనవచ్చు. డిపాజిట్‌లో అసలుకు భద్రత ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే డిపాజిట్ వడ్డీ కాలపరిమితి పొడవునా మారదు, అద్దె నెమ్మదిగానైనా పెరుగుతుంది. పైగా రీట్‌ను పోల్చాల్సింది ఫ్లాటుతో. అద్దెకిచ్చిన ఫ్లాటు మీద రాబడి చాలాచోట్ల ధరలో మూడు శాతం అటూఇటూగానే ఉంటుంది, అందులోంచే మరమ్మతులు, ఖాళీ నెలలు భరించాలి. రీట్‌లో కొన్ని వందల రూపాయలకే యూనిట్ దొరుకుతుంది, డబ్బు అవసరమైతే మార్కెట్లో అమ్ముకోవచ్చు. అమ్మిన రోజు ధర తగ్గి ఉండవచ్చన్నది గుర్తుంచుకోవాలి.

అసలు పట్టించుకోవాల్సిన ప్రమాదం వేరే ఉంది. షాపింగ్ మాల్స్ రీట్ అయిన నెక్సస్‌ను పక్కన పెడితే మన ప్రధాన రీట్‌లు ఆఫీసు భవనాల మీదే నడుస్తున్నాయి. వాటిలో అద్దెకున్న సంస్థల్లో ఐటీ కంపెనీలది, బహుళజాతి సంస్థల కేంద్రాలది పెద్ద వాటా. మాదాపూర్ మైండ్‌స్పేస్ కూడా అలాంటి ఒక రీట్ ఆస్తే. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతం, ఈఎంఐ కడుతున్న ఇంటి విలువ, రీట్ పంపిణీ మూడూ ఒకే రంగం మీద ఆధారపడితే అది పెట్టుబడిని విస్తరించడం అనిపించుకోదు. అటువంటివారు తమ పెట్టుబడిలో రీట్‌ల వాటాను పరిమితం చేసుకోవాలి. జీతం ఆగిన విశ్రాంత ఉద్యోగికి ఈ ముడి తక్కువ, నగదు అవసరం ఎక్కువ గనక రీట్ బాగా సరిపోతుంది. ఎవరు కొన్నా ముందు చూడాల్సినవి ఖాళీల శాతం, అప్పు, దగ్గరపడుతున్న లీజు గడువులు, యూనిట్‌కు పంపిణీ ఏటేటా పెరుగుతున్న తీరు. ధర పెరిగితే లాభమే, కానీ పెరగకపోయినా ఈ ఆదాయం చాలు అనుకోగలిగినప్పుడే కొనడం మంచిది.