మొదటి ర్యాంకు ఎవరికండీ?

కౌబాయ్ సినిమాలకు ర్యాంకులివ్వడం మగవాళ్ల సొత్తా అండీ? 2008లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు పది ఉత్తమ వెస్టర్న్‌లు ఎంచి, 1956 నాటి జాన్ వేన్ సినిమా 'ది సెర్చర్స్'కు పెద్దపీట వేశారు. తీసిన తీరు గొప్పదే, కాదనను. కానీ కొమాంచీలు ఎత్తుకుపోయిన తోడబుట్టినవాడి కూతుర్ని ఏళ్ల తరబడి వెతికిన పెద్దమనిషి, తీరా కనిపించాక, వాళ్లలో కలిసిపోయిందని కాల్చి పారెయ్యబోతాడు! చివరికి మనసు మార్చుకుని ఎత్తుకుని తెస్తాడు, నిజమే. ఆ పిల్ల బతుకు మీద తీర్పు మాత్రం ఆయనదే! పరువు పేరుతో ఆడపిల్లను తూచే ఈ తక్కెడ మనకు కొత్తదా?

నా లెక్కలో మొదటిది, వాళ్లు రెండోది చేసిన 'హై నూన్' (1952). ఊరంతా మొహం చాటేస్తే, హింస పాపమని నమ్మే కొత్త పెళ్లికూతురు గ్రేస్ కెల్లీయే తుపాకీ పట్టి మొగుణ్ణి కాపాడుకుంటుంది. రెండోది 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968). మగాళ్లు ఒకళ్లనొకళ్లు చంపుకున్నాక, క్లాడియా కార్డినేల్ రైలుపట్టాలు వేసే కూలీలకు నీళ్లందిస్తూ కొత్త ఊరికి ఊపిరి పోస్తుంది. మూడోది 'జానీ గిటార్' (1954). అందులో ఆఖరి తుపాకీ పోరు ఇద్దరాడవాళ్ల మధ్యే! ఆ పదింటిలో దీనికి చోటే లేదు.

తూటాలు లెక్కపెట్టేవాళ్లను పెట్టుకోనివ్వండి. ఈసారి ఇంట్లో ఈ చర్చ వస్తే మాత్రం, కాఫీలందించి లోపలికి పోకండి. కూర్చుని మీ లిస్టు మీరూ చదవండి.